నోట రాకూడని మాట

మొన్న మా మైకు సెట్టు అన్న పదో దినం భోజనాల దగ్గర నేను పప్పు బకెట్టు పట్టుకొని వడ్డిస్తున్నాను. రెండో బంతిలో కూర్చున్న ఒకాయన నన్ను ఆపి, "ఏమయ్యా టెంటాయనా, గా బోరంచ కథ ఒకపారి చెప్పరాదు. నువ్వు చెప్తేనే మంచిగుంటది," అన్నాడు.

ఆయన అడిగిన తీరులో చెడ్డతనం ఏమీ లేదు. నారాయణఖేడ్‌లో మా అన్నను తలుచుకోవడమంటే ఆ కథ చెప్పుకొని నవ్వుకోవడమే. పక్కనున్న నలుగురూ అప్పుడే నవ్వడానికి సిద్ధమై నా ముఖంలోకి చూశారు. నేను కూడా అలవాటు కొద్దీ గొంతు సవరించుకున్నాను. మొదటి ముక్క నాలుక మీదికి వచ్చింది.

అప్పుడే మా అన్న కూతురు నీళ్ళ జగ్గుతో ఆ వరుసలోకి వచ్చింది. ఇంటర్ చదువుతున్న పిల్ల. ఏడ్చి ఏడ్చి ముఖం ఉబ్బి ఉంది. గ్లాసులో నీళ్ళు పోస్తూ, తల ఎత్తకుండానే, "చెప్పు కాకా. నేను గూడ వింట," అంది.

"పప్పు సల్లారుతున్నది," అని నేను బకెట్టు ఎత్తుకొని ముందుకు వెళ్ళిపోయాను.

ఆ కథ తెలియనివాళ్ళ కోసం ముందు అది ఊరికి తెలిసినట్టే చెబుతాను. మా మైకు సెట్టు అన్నకు ముసలితనం దగ్గర పడుతుండగా ఒక కూతురు పుట్టింది. బిడ్డకు ఏమవుతుందోనని మనిషికి ఎప్పుడూ పరేషానే. ఒకసారి బోరంచ నల్లపోచమ్మ జాతరలో, పాప భుజం మీదే నిద్రపోతుంటే, ఆ సంగతి మరిచిపోయి, 'నా బిడ్డ కనిపిస్తలేదు' అని మైకులో మొత్తుకొని జాతర మొత్తాన్నీ లేపి వెతికించాడు. ఆ రోజు నుంచి ఆయన పేరు పరేషాన్ అన్న.

ఆ పేరు పెట్టింది నేను. ఆ కథను మొదట చెప్పిందీ, ఎక్కువసార్లు చెప్పిందీ నేనే. జరిగినదేమిటో తెలిసినవాణ్ణి కూడా నేనొక్కణ్ణే.

బస్టాండుకు పోయే దారిలో ఆయన మైకు షాపు, నా టెంటు హౌసు పక్కపక్కనే ఉండేవి. మధ్యలో ఒక్క గోడ. పెళ్ళికైనా చావుకైనా నా కుర్చీలూ ఆయన మైకు హారన్లూ ఒకే ట్రాలీలో పోయేవి. నాకంటే పన్నెండు, పదమూడేళ్ళు పెద్ద. సన్నటి మనిషి. నడిచేటప్పుడు ఎవరో వెనకనుంచి పిలుస్తున్నట్టు తల కొంచెం పక్కకు వంచి నడిచేవాడు. హారన్ల కింద ఏళ్ళ తరబడి కూర్చోవడం వల్ల కుడిచెవి సరిగా వినపడేది కాదు.

ఆ రోజుల్లో ఆయనకు ఎంత చప్పుడైతే అంత గొప్ప. "నేను ఖేడ్‌ల పాట పెడ్తే సిర్గాపూర్‌ల నిద్ర లేస్తరు," అనేవాడు. అది నిజం కాదని ఆయనకూ తెలుసు. కొత్తవాళ్ళు ఎవరైనా 'పిల్లలెందరు' అని అడిగితే గోడకు వేలాడే హారన్లు చూపించి, "నలుగురు. నలుగురు గూడ ఇనుప పిల్లలే. నేనొక మాటంటే ఊరంత చెప్పొస్తరు," అనేవాడు. అడిగినవాళ్ళు నవ్వేవాళ్ళు. లోపల మా వదిన ఆ మాట వినిపించనట్టు గిన్నెలు కాస్త గట్టిగా సర్దేది.

దవాఖానలన్నీ తిరిగారు. గుళ్ళూ, దర్గాలూ తిరిగారు. మా గల్లీలోని చర్చి పెద్దమ్మ వచ్చి ప్రార్థన చేస్తానంటే వదిన కాదనకుండా తల వంచి కూర్చుంది. ఆ తిరుగుళ్ళన్నీ అయి, ఇక ఆ మాటే మానేసిన తరువాత, ఆయన జుట్టు సగానికి పైగా నెరిసిన తరువాత వదిన నీళ్ళాడింది. ఆడపిల్ల.

ఆ వేళ నేను షాపులో జంపఖానాలు మడత పెడుతున్నాను. ఆయన వచ్చి ఆ మడతల మీదే కూర్చున్నాడు. చేతిలో మిఠాయి లేదు. ముఖంలో సంబరం లేదు.

"ఏమైంది అన్నా? వదిన మంచిగున్నదా?"

"మంచిగున్నది. పాప మంచిగున్నది."

"మరి మిఠాయేది?"

"ఉండు తమ్మీ. జర నిలవనీ." వేళ్ళ మీద ఏదో లెక్క పెట్టుకొని, మధ్యలోనే గుప్పిట మూసేశాడు. "మేమిద్దరం ముసలోళ్ళమైతిమి గద. గింత ఆలస్యంగ వస్తే, దాని వెంట ఎంత దూరం నడుస్త నేను?"

నేను నవ్వేశాను. "నువ్వు నడువకున్నా నీ హారన్లు నడుస్తయి తియ్యి," అన్నాను. ఆయన నవ్వలేదు. ఆ రోజు నుంచీ ఆయన మునుపటిలా నవ్వడం నేను చూడలేదు. నవ్వు సగంలో ఆపి చుట్టూ చూసేవాడు, పాప ఎక్కడుందోనని.

తరువాత ఆయన పడ్డ పాట్లు చూసినవాళ్ళకే తెలుస్తాయి. రాత్రి పాప నిద్రపోతుంటే ముక్కు కింద వేలు పెట్టి ఊపిరి చూసేవాడట. పిల్ల ఉలిక్కిపడి లేచి ఏడిస్తే, "ఏడుస్తున్నది, మంచిగనే ఉన్నది," అని అప్పుడు పడుకునేవాడట. "పిల్లను నేను కన్ననా, గీయన కన్నడా? నాకైతే ఎరుకైతలేదు," అని వదిన గోడ అవతలినుంచి నాతో మొర పెట్టుకునేది. వేయించిన పల్లీలు తెచ్చి, పొట్టు ఊది, ఒక్కో గింజనూ రెండుగా చీల్చి సగం సగం పెట్టేవాడు. స్కూటర్ మీద తీసుకుపోతే పాపను ముందు నిలబెట్టుకోడు. వీపుకు కరిపించుకొని తువ్వాలతో తన నడుముకు కట్టుకునేవాడు. ముడి రెండుసార్లు వేసి, గుంజి చూసి, అప్పుడు కిక్కు కొట్టేవాడు. ఆ స్కూటర్‌ను సైకిళ్ళవాళ్ళు దాటిపోయేవాళ్ళు.

వ్యాపారం కూడా మారిపోయింది. పెళ్ళింట్లో హారన్లు కట్టే ముందు ఆ గల్లీలో ఇంటింటికీ పోయి, "అమ్మా, ఇంట్ల చంటిపిల్లలున్నరా? బాలింతలున్నరా?" అని అడిగేవాడు. ఉన్నారంటే ఆ ఇంటివైపు హారన్ పెట్టడు. నాలుగు హారన్లూ పొలాలవైపు తిరిగి ఉంటే పెళ్ళివాళ్ళు లొల్లి చేసేవాళ్ళు. "ఏం మైకయ్యా ఇది! మా పెండ్లి మాకే వినొస్తలేదు. ఎడ్లకు వినిపిస్తున్నవా?" అని ఒక పెళ్ళికొడుకు తండ్రి అందరి ముందూ అరిచాడు. ఈయన మైకు మిషను మీద చెయ్యి పెట్టి, "ఎడ్లు గూడ ఆశీర్వాదం ఇస్తయి పటేలా," అన్నాడు. చప్పుడు మాత్రం పెంచలేదు.

మైకు పరీక్ష చేసేటప్పుడు అందరూ వేలితో కొట్టి ఒకటి, రెండు, మూడు అంటారు. పాప పుట్టినప్పటినుంచి ఈయన దస్తీతో మైకు తుడిచి, నోటి దగ్గర పెట్టుకొని, "హలో... అందరున్నరా?" అనేవాడు. ఒక్క క్షణం ఆగేవాడు. జవాబు రావాలన్నట్టు.

అన్నిటికంటే ఆయన భయపడేది మాటకు. మన ఇళ్ళలో బియ్యం అయిపోతే అయిపోయాయని అనం, నిండుకున్నాయంటాం. ఆయన పాప విషయంలో ప్రతి మాటనూ అలా తిప్పి చెప్పేవాడు. పాప బడికి 'పోయింది' అనకూడదు, 'చదువుకొని వస్తది' అనాలి. ఇంట్లో 'లేదు' అనకూడదు, 'ఆడుకుంటున్నది' అనాలి. ఎవరైనా గడప దాటుతూ "పోత" అన్నా ఊరుకునేవాడు కాదు. "పోత అనొద్దు. వస్త అను," అని గడప దగ్గర నిలబెట్టి, ఆ మాట అనిపించి పంపేవాడు.

ఒకసారి పాప నా షాపులో జంపఖానాల వెనక దాక్కుంది. నాకు తెలియక, "ఏది అన్నా, పాప కనిపిస్తలేదు?" అన్నాను. ఆయన ఒక్క అంగలో వచ్చి నా నోరు మూశాడు. ఆ అరచేతికి కాలిన వైరు వాసన.

"ఆ మాట అనకు. ఎక్కడున్నది అను. కనిపిస్తలేదు అనకు."

"మాటదేముందే?"

"మాటలనే ఉంటది తమ్మీ. ముప్పై ఏండ్లు మైకు ముంగట కూసున్నోణ్ణి. ఒకపారి నోట్లెకెల్లి వచ్చిందాన్ని మల్ల వెనుకకు తీసుకున్నోణ్ణి నేను చూడలె."

ఈ సంగతి గుర్తు పెట్టుకొని ఇప్పుడు బోరంచకు రండి.

పాపకు నాలుగేళ్ళు ఉంటాయేమో. జాతర టెంటు నాది, మైకు ఆయనది. చుట్టూ ఊళ్ళ జనం, ట్రాక్టర్లు, మేకలు, ఎటు చూసినా రాళ్ళ పొయ్యిలు, పొగ. అవతల దిగువన ఏటి నీళ్ళు. మైకు దగ్గర చిన్న టెంటు వేసి, ఎండ పడకుండా నాలుగు పక్కలా పరదాలు కట్టాను. లోపల మిషను, బ్యాటరీ, ఆయన, నేను. వదిన చుట్టాలతో బోనం దగ్గర ఉంది. పాప ఉదయమంతా అల్లరి చేసి, ఆయన భుజం మీద తల పెట్టి నిద్రపోయింది. తువ్వాలతో ఎప్పటిలాగే నడుముకు కట్టుకొని, రెండు ముళ్ళు వేసుకొని, ఆయన మైకు ముందు కూర్చున్నాడు.

జాతరలో మైకు అంటే తప్పిపోయినవాళ్ళ మైకే. ఫలానా ఊరి ముసలమ్మ ఇక్కడున్నది, ఫలానా వాళ్ళ పిల్లగాడు ఇక్కడ ఏడుస్తున్నడు, వచ్చి తీసుకపోండ్రి అని పొద్దుటినుంచి చెబుతూనే ఉంటారు. వాళ్ళ వాళ్ళయితే వస్తారు. తక్కినవాళ్ళు వినరు. వినపడుతుంది కానీ వినరు. పాటలాగే అదీ ఒక చప్పుడు.

మధ్యాహ్నం దాటిన తరువాత ఒక ఆడమనిషి పరదా ఎత్తుకొని లోపలికి వచ్చి పడింది. నాగల్‌గిద్ద అవతల, కర్ణాటక వైపు నుంచి కూలి చేసుకోవడానికి వచ్చిన మనిషి. తెలుగు సరిగా రాదు. "మగు ఇల్ల, మగు ఇల్ల," అంటోంది. పిల్ల లేదు అని. చేత్తో ఎత్తు చూపించింది, తన మోకాలు దాటి కొంచెం. మా పరదా అంచు పట్టి రంగు చూపించింది. పచ్చ గౌను.

ఆయన మైకు అందుకున్నాడు. "మూడేండ్ల పాప, పచ్చ గౌను, కన్నడం మాట్లాడ్తది, ఎవలకన్న అవుపిస్తే మైకు కాడికి తీసుకరాండ్రి." చెప్పి ఆగాడు. మళ్ళీ చెప్పాడు. కన్నడంలో వచ్చిన నాలుగు మాటలూ కలిపి మరోసారి చెప్పాడు.

నేను పరదా కొంచెం పక్కకు లాగి బయటికి చూశాను. ఒక్క తలా లేవలేదు. మాంసం తరిగేవాళ్ళు తరుగుతున్నారు, గరిటె తిప్పేవాళ్ళు తిప్పుతున్నారు. ఎవరి పిల్లో, ఎక్కడి పిల్లో, వాళ్ళే చూసుకుంటారు. నేను బయట ఉన్నా అలాగే అనుకునేవాణ్ణి.

ఆ మనిషి ఏడవడం మానేసి నీళ్ళవైపు చూస్తోంది. కళ్ళు ఆర్పకుండా అటే.

అన్న ఆమెను చూశాడు. తన భుజం మీది పాపను చూశాడు. తువ్వాల ముడి మీద ఎడమచెయ్యి వేసి గట్టిగా పట్టుకున్నాడు. కళ్ళు మూసుకున్నాడు. పెదవులు కదిలాయి, అమ్మవారికి ఏదో చెప్పుకున్నట్టున్నాడు. తరువాత మైకు నోటికి తాకేలా పెట్టుకున్నాడు.

"అయ్యలారా, అమ్మలారా. నేను ఖేడ్ మైకు సెట్టాయన్ని. నా బిడ్డ కనిపిస్తలేదు."

నాకు మొదట అర్థం కాలేదు. ఆయన చెయ్యి పట్టుకోబోయాను. ఆయన నన్ను మోచేత్తో తోసేశాడు.

"నా బిడ్డ కనిపిస్తలేదు. పచ్చ గౌను తొడిగింది. మీ అందరికి ఎరుకే, ఎన్నేండ్లకు పుట్టిందో. పొయ్యిల కాడికెల్లి లేవుండ్రి. మీ కాళ్ళు మొక్కుత. సగం మంది బండ్ల కింద చూడుండ్రి, సగం మంది నీళ్ళ దిక్కు ఉరుకుండ్రి. జల్దీ. జల్దీ ఉరుకుండ్రి."

జాతర లేచింది. నేను అలాంటిది మళ్ళీ చూడలేదు. గరిటెలు ఎక్కడివక్కడ పడేసి, ముసలివాళ్ళతో సహా లేచారు. "మైకాయన బిడ్డనట! మైకాయన బిడ్డ!" అని ఒకరికొకరు కేకలు వేసుకుంటూ పరిగెత్తారు. డప్పులు ఆగిపోయాయి. మా పరదా లోపల మాత్రం ఆయన, భుజం మీద నిద్రపోతున్న పాప, ఆ తల్లి, నేను. పాప ఊపిరి నాకు వినిపిస్తోంది. ఆయన చెంపల మీదుగా చెమట కారి పాప కాళ్ళ మీద పడుతోంది.

ఎంతసేపో చెప్పలేను. సిర్గాపూర్ మనిషి ఒకడు చంకలో పచ్చ గౌను పిల్లను ఎత్తుకొని పరిగెత్తుకుంటూ వచ్చాడు. ఏటి ఒడ్డున మేకపిల్ల వెంటబడి నీళ్ళలోకి దిగుతోందట. గౌను మోకాళ్ళ దాకా తడిసి ఉంది. వెనక వందమంది. అన్న పరదా ఎత్తి బయటికి వచ్చాడు. ఆ తల్లి ఆయన పక్కనుంచి దూసుకుపోయి పిల్లను లాక్కొని గుండెకు హత్తుకుంది.

జనం మాత్రం ఆమెను చూడడం లేదు. ఆయన భుజం వైపు చూస్తున్నారు. అక్కడ తువ్వాలలో ఆయన బిడ్డ, అప్పుడే లేచి, కళ్ళు నులుముకుంటోంది.

ఎవరో, "వారీ నీ పాడుగాను! బిడ్డను నెత్తికెక్కిచ్చుకొని మమ్మల్ని ఏట్ల దేవులాడిచ్చినవుర!" అన్నారు. ఒకరు నవ్వారు, పదిమంది నవ్వారు, నవ్వు పొయ్యిల దాకా పాకింది. "కూర మాడిపాయె గదనే, నువ్వు పెడ్తవా?" అని ఒకామె. ఆయన వెర్రి ముఖం పెట్టి, పాప వీపు తడిమి చూసుకొని, "అరె, ఈడనే ఉన్నదే! పరేషాన్‌ల మర్చిపోయిన," అన్నాడు. ఆ అనడం ఎంత బాగా అన్నాడంటే, నేనూ నవ్వాను. "పరేషాన్ అన్నా!" అని మొదట పిలిచిన గొంతు నాదే.

తువ్వాలతో రెండు ముళ్ళు వేసి నడుముకు కట్టుకున్న బిడ్డను ఎవరైనా మరిచిపోతారా? ఈ ప్రశ్న ఇన్నేళ్ళలో ఒక్కరూ అడగలేదు.

పొద్దు గూకే వేళ ట్రాలీలో సామాను ఎక్కిస్తుంటే ఆయన చక్రం పక్కన కూర్చొని వాంతి చేసుకున్నాడు. నీళ్ళు ఇచ్చాను.

"ఎందుకే గిదంత? నిజం చెప్పరాదు? నవ్విన నోళ్ళతోటే మెచ్చుకుందురు గద," అన్నాను.

"ఎవ్వలకు చెప్పకు." నోరు తుడుచుకున్నాడు. "నేను మైకుల అబద్ధం ఆడిన అని తెలిస్తే, రేపు ఎవల పిల్ల తప్పిపోయినా లేస్తరా? మైకాయన గిట్లనే అంటడు తియ్యి అంటరు. పరేషాన్‌గాడు, ఆగమాగమైండు అనుకుంటే నవ్వుకుంట లేస్తరు. లేస్తే చాలు."

"సరే మరి, ఇంకెందుకు వణుకుతున్నవు?"

ఆయన నావైపు చూసిన చూపు ఇప్పటికీ నన్ను వదలదు. "నా నోటితోటి అన్న తమ్మీ. అమ్మోరి ముంగట, నాలుగు హారన్లల్ల. నా బిడ్డ కనిపిస్తలేదు అని అన్న. అమ్మోరు విననే వినె గద. ఇగ దాన్ని ఎట్ల కాపాడుకోను?"

ఆ భయం ఆయనను మళ్ళీ వదలలేదు. ఊరంతా నవ్విన పరేషానీ అసలు ఆ రోజు తరువాతిదే. అంతకుముందు ఉన్నది లేటుగా తండ్రి అయినవాడి ముద్దు. తరువాతది వేరు. బడి ఇంటర్వెల్‌లో వచ్చి కంచె బయట నిలబడేవాడు. పాప కనిపించేదాకా నిలబడి, కనిపించగానే వెళ్ళిపోయేవాడు. వర్షం వస్తే వచ్చేవాడు, ఎండ కొడితే వచ్చేవాడు. బేరం మధ్యలో హారన్ కింద పెట్టి, "ఒక్క నిమిషం," అని ఇంటికి పోయి చూసి వచ్చేవాడు. పిల్లకు కొంచెం ఒళ్ళు వెచ్చబడితే అర్ధగంటలో దవాఖానలో ఉండేవాడు. అక్కడి నర్సు, "వచ్చిండమ్మా పరేషాన్ సాబు," అనేది. ఆ పేరు అక్కడిదాకా పోయింది మరి.

ఆయన నన్ను ఒక్క మాటే అడిగాడు, ఎవరికీ నిజం చెప్పకు అని. హాస్యకథ చెప్పమని అడగలేదు. నేను చెప్పాను. ప్రతి పెళ్ళిలో టెంటు వేసిన తరువాత, భోజనాల ముందు, జనం విసుగ్గా ఉన్నప్పుడు చెప్పాను. చెప్పేకొద్దీ కథ పెరిగింది. నెత్తి బాదుకున్నాడని, నేలమీద పొర్లాడాడని, పాపే చెవి పట్టుకొని 'నేనీడనే ఉన్ననే' అందని కలిపాను. ఆయన గొంతును అచ్చంగా తీసేవాణ్ణి. ఆయన ఆ పక్కనే మిషను దగ్గర కూర్చొని వైర్లు సర్దుకునేవాడు. ఒకసారి మాత్రం, జనం నవ్వి సద్దుమణిగిన తరువాత, "నా గొంతు మంచిగ తీస్తవు తమ్మీ," అన్నాడు. పొగడ్త అనుకున్నాను.

పాప ఐదో తరగతిలో ఉండగా వాళ్ళ బడి వార్షికోత్సవానికి టెంటూ మైకూ మావే. మధ్యలో కరెంటు పోయి, మళ్ళీ వచ్చేలోగా, పెద్దలెవరో నన్ను స్టేజీ ఎక్కించారు. "మీ కథ చెప్పండి." కరెంటు వచ్చింది. ఆయన మైకులోనే, ఆయన హారన్లలోనే, ఆయన కూతురి తోటి పిల్లలందరి ముందూ నేను ఆ కథ చెప్పాను.

మరుసటి రోజునుంచి బడిలో ఆ పిల్ల పేరు తప్పిపోయిన పాప. కనపడితే చాలు, "దొరికింది, దొరికింది!" అని అరిచేవాళ్ళట. వారం తిరగకముందే ఆమె తండ్రి స్కూటర్ ఎక్కడం మానేసింది. "నువ్వు బడి కాడికి రాకు నాయినా, నాకు ఇజ్జత్ పోతున్నది," అందట. ఆయన సరే అన్నాడు. అప్పటినుంచి కంచె దగ్గర కాకుండా రోడ్డు అవతల, చాయ్ హోటల్ వెనక నిలబడి చూసేవాడు. పెద్దబడికి పోయినా, కాలేజీకి పోయినా అంతే. ఆమె బస్సు ఎక్కేదాకా ఏదో ఒక దాని వెనక. తండ్రీ కూతుళ్ళ మధ్య ఆ రోడ్డు అలాగే ఉండిపోయింది.

"పాపకన్న చెప్పరాదే నిజం?" అని ఒకసారి అడిగాను, తప్పించుకోవడానికే అడిగాను.

"ఏమని చెప్త? నువ్వు నా భుజం మీదుండంగ, ఇంకొకల బిడ్డ కోసం నిన్ను లేదన్న అని చెప్త? దాని పేరు అమ్మోరి ముంగట పెట్టేసిన తమ్మీ. అది నా మీద నవ్వితే నవ్వనీ."

"నేను చెప్తనే."

"నువ్వు చెప్పినంత చాలు," అన్నాడు. కోపం లేదు ఆ గొంతులో. అందుకే ఇప్పటికీ గుచ్చుకుంటుంది.

ఆయన షాపులో కుర్చీలో కూర్చున్నవాడు కూర్చున్నట్టే పోయాడు. కాలేజీ వదిలే వేళ. లేవబోయి మళ్ళీ కూర్చున్నట్టున్నాడని చూసినవాళ్ళు చెప్పారు. కాలేజీ వదిలే వేళకు ఎక్కడికి లేవబోయాడో వాళ్ళకు తెలియదు.

పదో దినం సాయంత్రం చుట్టాలు వెళ్ళిపోయారు. నేను టెంటు విప్పుతున్నాను. పాప వచ్చి కుర్చీలు ఒకదాని మీద ఒకటి పెట్టడం మొదలు పెట్టింది. కొంతసేపటికి అడిగింది.

"బంతిల ఎందుకు చెప్పలె కాకా? నేనున్ననని చెప్పలేదా? చిన్నప్పుడు నా ముంగట్నే చెప్తివి గద."

తాడు వదిలేసి ఆమె ఎదురుగా కూర్చున్నాను. చెబితే ఆయనకిచ్చిన మాట తప్పినట్టు. ఆయన కాపాడాలనుకున్నది మైకు మీది నమ్మకాన్ని. ఇప్పుడు జాతరలో అందరి చేతుల్లో ఫోన్లున్నాయి, మైకును ఎవరూ నమ్మనక్కర్లేదు. ఈ పిల్లకు మాత్రం తండ్రి మీద నమ్మకం కావాలి. అయినా భయం వేసింది. నన్ను లేదన్నాడా నాయిన, అని అడిగితే ఏం చెప్పాలి? చెప్పాను. పరదాలు, ఆ తల్లి, తువ్వాల మీద ఆయన చెయ్యి, చక్రం పక్కన వాంతి, అన్నీ. గొంతు తీయకుండా, నా గొంతుతోనే చెప్పాను. కథ ఇంత చిన్నదని నాకు అప్పుడే తెలిసింది.

ఆమె చాలాసేపు కుర్చీ చెయ్యిని గోటితో గీరుతూ కూర్చుంది. కోప్పడుతుందని ఎదురుచూశాను. ఏడుస్తుందనుకున్నాను.

"గా పిల్ల దొరికిందా?" అంది.

చెప్పానే, సిర్గాపూర్ మనిషి తెచ్చాడని? చెప్పలేదు. అన్నీ చెప్పి, అదొక్కటే వదిలేశాను. ఇన్నేళ్ళూ వందలమందికి చెప్పిన కథలో ఎన్నడూ ఆ పచ్చ గౌను పాప లేదు కాబట్టి నా నోటికి ఆమె అలవాటు లేదు. వందలమందిలో ఒక్కరూ ఆమె గురించి అడగలేదు కూడా.

"దొరికింది బిడ్డా. ఏటి ఒడ్డున దొరికింది. మోకాళ్ళ దాక తడిసింది, గంతే. వాళ్ళమ్మ ఎత్తుకున్నది."

"మంచిగున్నదా?"

"మంచిగున్నది."

అప్పుడు ఊపిరి వదిలింది. తల కొంచెం పక్కకు వంచి, ఎవరో వెనకనుంచి పిలిచినట్టు, ఖాళీ షాపువైపు చూసింది. కళ్ళ నీళ్ళు అప్పుడు వచ్చాయి.

"చాయ్ హోటల్ వెనుక నిలవడేటోడు," అంది. "నాకు ఎరుకే కాకా. నేను చూడనట్టు బస్సెక్కేదాన్ని."

మిగిలిన కుర్చీలు ఇద్దరం కలిసి ట్రాలీకి ఎక్కించాం. వదినకు చెప్పి వచ్చి, గడప దిగుతూ, అలవాటు తప్పిన నోటితో, "ఇగ పోత బిడ్డా," అన్నాను.

ఆమె వచ్చి నా చెయ్యి పట్టుకొని గడప దగ్గరే ఆపింది.

"పోత అనొద్దు కాకా. వస్త అను."

వస్త బిడ్డా, అన్నాను. నేను అనేదాకా ఆమె చెయ్యి వదల్లేదు.